ఇంజన్ వాల్వును కవ్వంలా ఎందుకు తిప్పాలి?

ఆయిల్ ఇంజన్ హ్యాండిల్ తిప్పి ఎరిగినవాళ్లకు ఆ బరువు అరచేతుల్లో గుర్తుండిపోతుంది. సిలిండర్‌లో గాలి నలగకుండా ఒక వాల్వును తెరిచి ఉంచే డీకంప్రెషన్ లీవరు ఎత్తిపట్టి, ఫ్లైవీలు అనే బరువైన చక్రం ఊపందుకునేదాకా గిరగిరా తిప్పి, లీవరు వదిలేస్తాం. అంతవరకు తేలిగ్గా తిరిగిన హ్యాండిల్ ఎవరో అవతలినుంచి ఎదురు తోసినట్టు బిగుసుకుంటుంది. సిలిండర్‌లో గాలికి దారులన్నీ మూసుకుపోయాయి, అది నలిగి వేడెక్కుతోంది అని ఆ బిగువే చెబుతుంది. ఊపుతో దాన్ని దాటించగలిగితే ఇంజన్ అందుకుంటుంది.

ఒక ఎండాకాలం మా బావి దగ్గరి 5 హార్స్‌పవర్ ఇంజన్‌కు ఆ బిగువు పోయింది. లీవరు వదిలినా హ్యాండిల్ మెత్తగానే తిరిగేది. ఎక్కడినుంచో ‘పుస్‌స్’ మని గాలి జారిపోయేది. ఇంట్లో మగవాళ్లంతా వంతులవారీగా తిప్పి చెమటలు కక్కాక, పక్క ఊరి మేస్త్రీకి కబురు వెళ్లింది. ఆయన సైకిల్ దిగి, పంచె ఎగ్గట్టి, హ్యాండిల్‌ను వేగంగా కాకుండా మెల్లగా, బిగువు తగలాల్సిన చోటిదాకా తెచ్చి ఆపాడు. “బాబూ, గాలి పీల్చే డబ్బా దగ్గర చెవి పెట్టు, చప్పుడేమైనా ఉందా?” అన్నాడు నాతో. లేదన్నాను. “ఇప్పుడు సైలెన్సర్ దగ్గర విను.” అక్కడ ఉంది, పడగ విప్పిన పాము బుసలా. “ఎగ్జాస్ట్ వాల్వు కూర్చోవడం లేదు” అని తేల్చేశాడు.

ఇది ఇప్పటికీ పనికొచ్చే పరీక్ష. బుస గాలి వడపోత దగ్గర వినిపిస్తే తప్పు గాలి లోపలికి వచ్చే ఇన్‌లెట్ వాల్వుది, సైలెన్సర్‌లో వినిపిస్తే పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వుది, కింద ఆయిల్ ఉండే గదికి పెట్టిన గొట్టంలోంచి వస్తే పిస్టన్ రింగులది. ఖరీదైన మీటర్లు చెప్పేదీ చాలావరకు ఇదే, కాకపోతే అంకెల్లో చెబుతాయి.

ఆయన సంచీలోంచి ఏ పెద్ద పనిముట్టు బయటికి వస్తుందోనని నేను చూస్తున్నాను. వచ్చింది జానెడు పొడవున్న నున్నటి కర్ర. రెండు చివర్లా నల్లటి రబ్బరు కప్పులు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. దాంతోపాటు బూట్ పాలిష్ డబ్బాలాంటి చిన్న రేకు డబ్బా. అంత ఇనుప ఇంజన్‌కు ఇంతేనా మందు అనిపించింది. ఆ కర్ర పని నిజంగా అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. చూడటానికి అతి సులువుగా ఉండే ఈ పనిచుట్టూ అల్లుకున్న అపోహలు అన్నీ ఇన్నీ కావు.

ముందు వాల్వు సంగతి. పాఠ్యపుస్తకాల్లో దాన్ని కవాటం అంటారు. కవాటమంటే తలుపు. మంచి మాటే గానీ షెడ్డులో ఎవరూ అనరు, అక్కడ అది వాల్వే. పొడవాటి కాడ ఉన్న పుట్టగొడుగును ఊహించుకోండి. గొడుగు అంచున లోపలివైపు 45 డిగ్రీల వాలుగా చెక్కిన పట్టీ ఉంటుంది, కొన్ని ఇంజన్లలో 30 డిగ్రీలు. సిలిండర్‌కు మూతలా ఉండే హెడ్డులో రంధ్రం అంచున అదే వాలుతో మరో పట్టీ ఉంటుంది. అది సీటు. స్ప్రింగు లాగినప్పుడు ఈ రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. ఆ కూర్చునే మేర వెడల్పు ఎంతో తెలుసా? మామూలు ఇంజన్లలో ఒకటిన్నర మిల్లీమీటరు అటూ ఇటూ. బియ్యపు గింజ మందం అనుకోండి. లోపలి పేలుడంతా ఆ సన్నటి ఉంగరం మీదే ఆగాలి.

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో పిస్టన్ తిప్పే ఇరుసు (క్రాంకు) రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒకసారి తెరుచుకుంటుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే పంపుసెట్టు ఇంజన్ ఎనిమిది గంటలు నడిస్తే ఒక్కో వాల్వు 3,60,000 సార్లు లేచి కూర్చుంటుంది. డీజిల్ మండినప్పుడు చదరపు సెంటీమీటరుకు 60 కిలోల ఒత్తిడి పుట్టిందనుకుంటే, 35 మిల్లీమీటర్ల వ్యాసమున్న వాల్వు తలమీద 570 కిలోలకు పైగా బరువు పడుతుంది. ఈ తలుపు పెట్టడంలో ఉన్న తెలివి ఇక్కడే కనిపిస్తుంది. తుపాను ఏ వైపునుంచి వస్తుందో ఆ వైపే తలుపును గట్టిగా మూస్తుంది. పేలుడు వాల్వును సీటు మీదికే అదుముతుంది. స్ప్రింగు పని వాల్వును వెనక్కి తెచ్చి కూర్చోబెట్టడం. ఆ తర్వాత అంత ఒత్తిడిని ఆపే పని ఆ స్ప్రింగుది కాదు.

అయితే తలుపు సందు లేకుండా పడాలి. వెంట్రుక దూరేంత సందున్నా చాలు, మండుతున్న వాయువు గ్యాస్ కటింగ్ మంటలా అందులోంచి దూసుకుపోతుంది. వెళ్తూ వెళ్తూ లోహాన్ని కొరుక్కుంటూ పోతుంది. నిన్నటి వెంట్రుక సందు రేపటికి గాడి అవుతుంది, వారానికి వాల్వు అంచు ఎలుక కొరికిన రొట్టెలా తయారవుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఆ ఉంగరం గాలిని ఆపడమే కాదు, వేడిని కూడా దాటిస్తుంది. పెట్రోలు ఇంజన్ పూర్తి లోడు మీద ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు తల 700 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. ఆ వేడిలో కొంత కాడ గుండా, ఆ కాడ జారే గొట్టంలోకి, అంటే గైడులోకి పోతుంది. సుమారు ముప్పావు వంతు మాత్రం వాల్వు మూసుకుని ఉన్న కాసేపట్లో సీటు గుండానే హెడ్డులోకి, అక్కడినుంచి నీళ్లలోకో గాలిలోకో పోవాలి. ఉంగరంలో ఒక పక్క తాకడం లేదంటే ఆ పక్క చల్లబడదు. కారడం, కాలడం ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోవడానికి కారణం ఇదే.

ఇక మేస్త్రీ పని. హెడ్డు విప్పి బల్ల మీద బోర్లించాడు. స్ప్రింగు నొక్కి లాకులు తీసి వాల్వును బయటికి లాగాడు. దాని వాలుపట్టీ మీద స్ఫోటకం మచ్చల్లాంటి నల్లటి గుంటలు. మసి గీకి, కాడకు చుక్క ఆయిల్ రాశాడు. డబ్బాలోని గరుకు రవ్వల పేస్టు గైడులోకి దిగకూడదని ఆ ఆయిల్. రేకు డబ్బాకు రెండు వైపులా మూతలున్నాయి. ఒక వైపు ముతక పేస్టు, ఇంకో వైపు సన్నది. చూపుడువేలి కొనతో ముతక పేస్టు తీసి, వాలుపట్టీ చుట్టూ నాలుగు చోట్ల బొట్టు పెట్టినట్టు అంటించాడు. పట్టీ అంతా పూయలేదు. వాల్వును సీటులోకి దింపి, రబ్బరు కప్పును తడిపి వాల్వు తలమీద అదిమాడు. కప్పు పట్టుకుంది. కర్రను రెండు అరచేతుల మధ్య పెట్టి, చలికి చేతులు రుద్దుకున్నట్టు రుద్దడం మొదలుపెట్టాడు. వాల్వు పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు. ఎనిమిదో పదో సార్లు అయ్యాక కర్రను కాస్త ఎత్తి, వాల్వును కొంచెం తిప్పి, కొత్త చోట మళ్లీ దింపి, మళ్లీ రుద్దాడు.

నాకు బాగా గుర్తున్నది చప్పుడు. మొదట కరకరమంది. నిమిషంలో సరసర అయింది. ఇంకాసేపటికి దాదాపు ఏమీ వినిపించలేదు. అప్పుడు ఆపి, గుడ్డతో తుడిచి చూశాడు. వాలుపట్టీ మీద మెరుపు లేని బూడిదరంగు ఉంగరం ఒకటి ఏర్పడింది, కానీ రెండు చోట్ల తెగింది. ఆ తెగినచోట నల్ల గుంట ఇంకా ఉంది. మళ్లీ బొట్లు, మళ్లీ రుద్దడం. నాలుగోసారికి ఉంగరం తెగకుండా చుట్టూ వచ్చింది. అప్పుడు ముతక పేస్టంతా కిరసనాయిల్‌తో కడిగి, సన్న పేస్టుతో మరో రెండు సార్లు.

చప్పుడు తగ్గడమంటే పేస్టులో రవ్వలు అరిగిపోయాయని. వాటి పదును అంచులు విరిగి సన్నబడతాయి. ఆ తర్వాత ఎంత రుద్దినా చేతులు నొప్పి పుట్టడమే గానీ లోహం కదలదు. ఈ రవ్వలు చాలావరకు సిలికాన్ కార్బైడ్, అందరూ పిలిచే పేరు కార్బొరండం. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ గుడ్‌రిచ్ ఆచిసన్ బంకమట్టినీ కార్బన్‌నూ విద్యుత్తుతో విపరీతంగా కాల్చి చూస్తుండగా మెరిసే గట్టి స్ఫటికాలు దొరికాయి. అవి కార్బన్, కొరండం కలిసి పుట్టినవని పొరబడి రెండు పేర్లూ అతికించి కార్బొరండం అన్నాడు. 1893లో పేటెంటు వచ్చింది. పొరపాటు బయటపడినా పేరు నిలిచిపోయింది. ఆ పేరులోని కొరండం ఎవరి మాటో తెలుసా? మనదే. తెలుగులో కురువిందం, తమిళంలో కురుందం. సానరాళ్లకు వాడే ఆ గట్టి రాయి పేరు ఇక్కడినుంచే ఐరోపా భాషల్లోకి వెళ్లింది. ఖమ్మం, అనంతపురం జిల్లాల్లో ఆ రాయి ఇప్పటికీ దొరుకుతుంది. రేకు డబ్బా మీది పేరులో సగం మన ఇంటిపేరే అన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇటూ అటూ ఎందుకు? తిరగలిలా ఒకే దిక్కున గిరగిరా తిప్పితే పని తొందరగా అయిపోదా?

తిరగలి పని వేరు. అక్కడ గింజ నలగాలి, రాళ్లు ఒకదానికొకటి అతుక్కోవాల్సిన అవసరం లేదు. పైగా అవి మరీ నునుపెక్కితే గంట్లు కొట్టించుకుంటాం. ఇక్కడ రెండు ముఖాలు ఒకటి కావాలి. వాల్వును ఒకే దిక్కున తిప్పితే రెండు ముఖాల మధ్య ఇరుక్కున్న పెద్ద రవ్వ ఒకటి అదే దారిలో చుట్టూ తిరుగుతూ అక్కడే గాడి చేస్తుంది. వాల్వు మీద గాడి, సీటు మీద దానికి సరిపడే గట్టు. బల్ల మీద చూస్తే రెండూ చక్కగా కుదిరినట్టే ఉంటాయి. ఇంజన్‌లో అవి వేడికి సాగుతాయి, కాడ గైడులో రవ్వంత పక్కకు ఒరుగుతుంది. అప్పుడు గట్టు గాడిలో పడకుండా గాడి అంచు మీదికి ఎక్కి కూర్చుంటుంది. సందు అక్కడ మొదలవుతుంది. ఆగకుండా తిప్పితే పేస్టు కూడా అంచుల్లోకి తోసుకుపోయి, మధ్యలో లోహం లోహాన్ని పొడిగా రాసుకుంటుంది.

కవ్వం తాడు ఒకసారి ఇటు లాగి ఒకసారి అటు లాగుతాం. వాల్వుకు కావలసిన తిప్పుడు అదే. దిక్కు మారిన ప్రతిసారీ రవ్వ దొర్లి కొత్త అంచు చూపిస్తుంది. ఎత్తి దించినప్పుడు పక్కకు పోయిన పేస్టు మళ్లీ మధ్యలోకి చేరుతుంది. తిప్పి కొత్త చోట పెట్టినప్పుడు వాల్వు మీది ఎత్తు సీటు మీద వేరే చోటికి ఎదురవుతుంది. ఇలా ఏ ఎత్తూ ఏ పల్లమూ ఎప్పుడూ ఒకే జతగా ఉండకపోతే రెండు ముఖాలూ ఒకదాన్నొకటి దిద్దుకుంటాయి. చాలా ఇంజన్లలో వాల్వు నడుస్తూ నడుస్తూ తనంతట తాను మెల్లగా తిరుగుతుంది కూడా. అందుకే అది ఒక్క భంగిమలోనే కాదు, ఎటు తిరిగి కూర్చున్నా కుదరాలి.

ఈ తిప్పుడును చేతులతో సాధించడం విసుగు పుట్టించే పని. ఆ విసుగులోంచే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, మోటారు కార్లు జనంలోకి వస్తున్న రోజుల్లో, రకరకాల చేతి పనిముట్లు పుట్టాయి. చూడటానికి చేత్తో తిప్పే వడ్రంగి డ్రిల్లులా ఉంటుంది ఒక రకం. పక్కన చిన్న హ్యాండిల్, పైన పట్టుకోవడానికి గుండు. తమాషా దాని కడుపులో ఉంది. హ్యాండిల్‌కు తగిలించిన పెద్ద పళ్లచక్రానికి చుట్టూ పళ్లుండవు, ఒక భాగంలోనే ఉంటాయి. ఇరుసు మీద ఎదురెదురుగా రెండు చిన్న పళ్లచక్రాలుంటాయి. పెద్ద చక్రం పళ్లు ముందు ఒకదాన్ని పట్టుకుని ఇరుసును ఇటు తిప్పుతాయి, దాన్ని వదిలి అవతలిదాన్ని పట్టుకుని అటు తిప్పుతాయి. మీరు హ్యాండిల్‌ను బావి గిలకలా ఒకే దిక్కున తిప్పుతూ పోతుంటే కింద వాల్వు కవ్వంలా ఇటూ అటూ ఆడుతుంది. ఇంకొంచెం తెలివైనవాటిలో ముందుకు వెళ్లేది ఎక్కువ, వెనక్కి వచ్చేది కాస్త తక్కువ. దాంతో ప్రతి ఊపుకూ వాల్వు రవ్వంత జరిగి, చోటు దానంతటదే మారుతుంది. మరో రకంలో పళ్లచక్రాలే లేవు. మరచుట్టు చెక్కిన కడ్డీని పైకీ కిందికీ నొక్కితే చాలు, కొన తిరిగి వెనక్కి వస్తుంది.

అప్పటి కార్లలో ఈ పని తరచూ పడేది. 1908 నుంచి 1927 వరకు కోటిన్నర దాకా తయారైన ఫోర్డ్ మోడల్-టి లాంటి బళ్లలో వాల్వులు హెడ్డులో కాదు, సిలిండర్ పక్కన, తల పైకి పెట్టుకుని నిలబడేవి. హెడ్డు విప్పితే వరసగా కనిపించేవి. అప్పటి ఉక్కు ఈనాటి ఉక్కు కాదు, ఆయిల్ ఈనాటి ఆయిల్ కాదు. కొన్ని వేల మైళ్లకోసారి హెడ్డు విప్పి, మసి గీకి, వాల్వులు నూరడం బండి ఉన్నవాళ్లకు పళ్లు తోముకోవడంలాంటి పని. చాలా వాల్వుల తలమీద గాడో రెండు గుంటలో ఉండేవి. పనిముట్టు మొన అందులో దిగేది, రబ్బరు కప్పుతో పనిలేదు. వాల్వు కింద ఒక బలహీనమైన స్ప్రింగు పెట్టేవారు. చేయి కాస్త తేలిక చేయగానే అదే వాల్వును పైకెత్తేది. సిలిండర్‌లో పేస్టు పడకుండా గుడ్డ కుక్కడం మరిచినవాళ్లు తర్వాత పిస్టన్ రింగులు కొనుక్కునేవాళ్లు.

ఆ పళ్లచక్రాల పనిముట్టు అందమైనదే. అయినా నా ఓటు కర్రకే. కారణం ధర కాదు. పళ్లచక్రాలు వాల్వుకూ చేతికీ మధ్య అడ్డం వస్తాయి. కర్రలో అడ్డం ఏమీ లేదు. ఎక్కడ జిగటగా పట్టుకుంటోందో, ఎక్కడ జారిపోతోందో, రవ్వ ఎప్పుడు చచ్చిందో అరచేతికి నేరుగా తెలుస్తుంది. వాల్వు కాడను కరెంటు డ్రిల్లుకు బిగించి ఒక్క నొక్కుతో ‘నూరేసేవాళ్లను’ చూస్తే మాత్రం నాకు కడుపు మండుతుంది. అది తిరగలి పద్ధతి, అదీ నిమిషానికి వందల చుట్ల వేగంతో. పేస్టు ఎగిరిపోతుంది, గాడి పడుతుంది, మెరుస్తున్న ఉంగరం చూపించి డబ్బు తీసుకుంటారు. మంచి ఉంగరం మెరవదు. బూడిదరంగులో నీరసంగా ఉంటుంది.

అసలు చిక్కు మాటలోనే ఉంది. ‘వాల్వు గ్రైండింగ్’ అని మనం మూడు వేర్వేరు పనుల్ని పిలుస్తాం. తెలుగులో ‘నూరడం’ అన్నా అంతే. కత్తినీ నూరుతాం, పచ్చడినీ నూరుతాం. మొదటిది సీటు కోయడం. గైడులో నిటారుగా ఒక కడ్డీ దింపి, దాన్ని ఆధారం చేసుకుని, సరైన కోణమున్న కట్టర్‌తో హెడ్డులోని సీటును కొత్తగా చెక్కుతారు. 45 డిగ్రీల సీటు వెడల్పెక్కితే పైనుంచి 30, కిందనుంచి 60 డిగ్రీల కట్టర్లతో దాన్ని సన్నం చేస్తారు. ఇదీ చేత్తో తిప్పే పనిముట్టే, కానీ దీని పని కోత. రెండోది వాల్వును యంత్రానికి బిగించి, తిరిగే సానచక్రం మీద దాని వాలుపట్టీని చెక్కడం. విజయవాడ ఆటోనగర్‌లో హెడ్డు పనిచేసే షెడ్డుకు వెళ్తే ఈ యంత్రం కనిపిస్తుంది. మూడోది మన కర్ర, పేస్టు పని. మొదటి రెండూ ఆకారం ఇస్తాయి, మూడోది జత కుదురుస్తుంది. ఆకారం చెడినదాన్ని జత కుదర్చడంతో బాగుచేయబోవడం దగ్గరే సగం గొడవలు వస్తాయి.

లోతైన గుంటలున్న వాల్వును గంటసేపు పేస్టుతో రుద్దితే గుంటలు పోవచ్చు. పోయేసరికి వాల్వు ముఖం మధ్యలో పల్లం పడుతుంది, సీటు రెండింతల వెడల్పవుతుంది. వెడల్పైతే మంచిదే కదా, వేడి బాగా దాటుతుంది కదా అని వాదించేవాళ్లున్నారు. వేడి సంగతి నిజం. కానీ అదే స్ప్రింగు బలం ఎక్కువ మేర మీద పంచుకుపోతుంది, కూర్చునే ప్రతిసారీ మసిని చితక్కొట్టే నొక్కు తగ్గుతుంది, మసి రేణువు మధ్యలో ఇరుక్కుని తలుపు సందు వదులుతుంది. మరీ సన్నగా ఉంటే వేడి దాటదు. వాల్వు తల అంచు మందం కూడా చూడాలి. అది సుమారు ఒక మిల్లీమీటరు కన్నా పలచబడితే ఇక ఎంత నూరినా దండగ, ఆ పలుచటి అంచు ఎర్రగా కాలి మాడిపోతుంది. కొత్త వాల్వు కొనుక్కోవడం చవక.

గైడు అరిగి వాల్వు ఊగుతుంటే నూరడం అంతకన్నా దండగ. ఊగే వాల్వు తనతోపాటు సీటును కోలగా అరగదీస్తుంది. వాల్వును సగం ఎత్తి వేలితో అటూ ఇటూ కదిపి చూడకుండా పేస్టు డబ్బా మూత తీసేవాడి చేతికి ఇంజన్ ఇవ్వకండి. ‘వాల్వు గ్రైండింగ్ చేయించాను, అయినా నీలం పొగ ఆగలేదు’ అనే ఫిర్యాదుకూ జవాబు ఇక్కడే ఉంది. నీలం పొగ కాలుతున్న ఆయిల్. అది అరిగిన గైడుల పక్కనుంచో రింగుల పక్కనుంచో వస్తుంది. సీటు ఎంత బాగా కుదిరినా దాన్ని ఆపలేదు.

పాత పెట్రోలు కార్ల విషయంలో మరో ముడి ఉంది. 1923 ఫిబ్రవరిలో అమెరికాలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. కలిపింది పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజన్ టకటక కొట్టుకోకుండా ఉండటానికి. ఎవరూ అడగకుండానే అది ఇంకో మేలు కూడా చేసింది. మండగా మిగిలిన సీసపు సమ్మేళనాలు ఎగ్జాస్ట్ సీటు మీద పలుచటి పొరలా పరుచుకుని, ఎర్రగా కాలిన వాల్వు ఇనుప సీటుకు అతుక్కుని ఊడి రాకుండా కాపాడేవి. మన దేశంలో 2000 ఫిబ్రవరి నాటికి సీసం పెట్రోలును పూర్తిగా తీసేశారు. గాలికీ పిల్లల మెదళ్లకూ అది ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు. కానీ ఇనుప హెడ్డులోనే నేరుగా సీట్లు చెక్కిన పాత అంబాసిడర్‌లాంటి బళ్లకు ఆ పొర పోయింది. బరువుతో, వేగంతో దూరాలు తిప్పినవాటిలో సీటు అణువణువుగా ఊడి, వాల్వు హెడ్డులోకి దిగబడటం మొదలుపెట్టింది. దీనికి వాల్వులు నూరించడం పుండు మీద పుల్లతో పొడవడమే. దిగబడినదాన్ని ఇంకాస్త దించడం తప్ప అది చేసేదేమీ లేదు. సరైన మందు, పాత సీటు తీసేసి గట్టి లోహపు ఉంగరం బిగించడం. ఇప్పటి ఇంజన్లు దాదాపు అన్నీ పుట్టుకతోనే అలాంటి ఉంగరాలతో వస్తున్నాయి. సీసం లేకుండానే బతకడం నేర్చుకున్నాయి. అందుకే ఈ తరం కారు నడిపేవాళ్లలో చాలామంది కారు అమ్మేసేదాకా హెడ్డు లోపలి ముఖం చూడరు.

అలాంటి కొత్త ఇంజన్లలో కర్ర పాత్ర కూడా మారింది. యంత్రాలు ఇప్పుడు సీటునూ వాల్వునూ ఎంత కచ్చితంగా చెక్కుతాయంటే నూరాల్సిందేమీ మిగలదు. కొందరు కావాలనే వాల్వుకు ఒక డిగ్రీ తేడాతో కోణం పెడతారు. మొదట సన్నటి గీత మీద కూర్చుని, నడిచేకొద్దీ తనంతట తాను కుదురుకోవాలని. అక్కడ పేస్టు పెట్టి రుద్దితే ఆ తేడా కాస్తా చెరిగిపోతుంది. పూత వేసిన టైటానియం వాల్వులున్న బైకులకైతే పేస్టు విషమే. జుట్టు మందం కూడా లేని పూత పోతే కింద ఉన్న మెత్తటి లోహం రోజుల్లో అరిగిపోతుంది. ఇలాంటి చోట్ల కర్రను తనిఖీకి మాత్రమే వాడాలి. వాల్వు వాలుపట్టీ మీద పెన్సిల్‌తో అడ్డంగా దగ్గరదగ్గర గీతలు గీసి, పేస్టు లేకుండా సీటులో పెట్టి పావు చుట్టు తిప్పండి. గీతలన్నీ తెగితే జత కుదిరినట్టు. ఒక పక్క నాలుగు గీతలు చెక్కుచెదరకుండా మిగిలాయా, అక్కడ తాకడం లేదు.

మా బావి దగ్గర మేస్త్రీ చేసిన పరీక్ష వేరు. వాల్వును స్ప్రింగుతో బిగించి, హెడ్డును పక్కకు తిప్పి, ఎగ్జాస్ట్ దారిలో కిరసనాయిల్ పోశాడు. బీడీ అయిపోయేదాకా మాట్లాడకుండా వాల్వు అంచునే చూస్తూ కూర్చున్నాడు. ఒక్క చుక్క కూడా ఊరలేదు.

అక్కడితో పని అయిపోయిందనే నేను అనుకున్నాను. ఆయన అనుకోలేదు. హెడ్డంతా రెండుసార్లు డీజిల్‌తో కడిగి, గైడులోంచి నూనె గుడ్డ లాగి తీశాడు. కంటికి కనిపించని ఒక్క రవ్వ గైడులో మిగిలినా అది రోజుకు లక్షల సార్లు కాడను కోస్తుంది. హెడ్డు బిగించాక, వాల్వు కాడను నొక్కి తెరిచే మీట (రాకర్) ఉండే టాపెట్ దగ్గర సన్నటి రేకు బిళ్ల దూర్చి సందు చూశాడు. అది ముందున్నంత లేదు. కారణం ఆలోచిస్తే తేలికే. నూరినకొద్దీ వాల్వు సీటులోకి రవ్వంత దిగుతుంది, దాని కాడ కొన అవతల అంతే పైకి లేస్తుంది, రాకర్‌కూ దానికీ మధ్య ఉండాల్సిన సందును మింగేస్తుంది. చాలా ఇంజన్లలో ఆ సందు మిల్లీమీటరులో అయిదో వంతో నాలుగో వంతో. ఎగ్జాస్ట్ వాల్వు కాలి సాగినప్పుడు ఆ కాస్త సందు కూడా లేకపోతే వాల్వు ఎప్పుడూ పూర్తిగా కూర్చోదు, పూటంతా రుద్ది కుదిర్చిన ఉంగరం నాలుగు రోజుల్లో మళ్లీ కాలిపోతుంది. వాల్వులు నూరి టాపెట్లు సరిచేయని పని నేను తర్వాత రోజుల్లో చాలా చూశాను. వాటికి నింద ఎప్పుడూ పేస్టు మీదో డీజిల్ మీదో పడేది.

సందు సరిచేసి, హ్యాండిల్ నా చేతికిచ్చి “తిప్పు బాబూ” అన్నాడు. లీవరు ఆయనే పట్టుకున్నాడు. నాలుగు చుట్ల తర్వాత వదిలాడు. హ్యాండిల్ నా భుజాన్ని వెనక్కి గుంజినంత పని చేసింది. ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. నేను సంబరంగా ఆయన వైపు తిరిగేసరికి ఆయన కాలువ గట్టున కూర్చుని, సబ్బు నీళ్లతో ఆ కర్ర రబ్బరు కప్పులు కడుగుతున్నాడు. కిరసనాయిల్ అంటితే రబ్బరు ఉబ్బి, మళ్లీ వాల్వును పట్టుకోదట. కప్పులు రెండూ ఆరబెట్టాకే చేతులు కడుక్కున్నాడు.